స్పీకర్‌లో పెట్టిన నంబరు

మా అక్క కొడుకు ఈ మధ్యే పోలీసు ఉద్యోగంలో చేరాడు. ట్రైనింగ్ ముగించుకొని మా ఇంటికి వచ్చి, కుర్చీలో కుదురుగా కూర్చోకముందే నాకు పాఠం మొదలుపెట్టాడు. "చిన్నమ్మా, మీ లెక్క ఊరూర తిరుగుడు ఇప్పుడు లేదు. ఫోన్ రికార్డు తీస్తే అయిపాయె. ఎవడు ఏడున్నడు, ఎవనితోని మాట్లాడిండు, అంత కండ్ల ముంగటనే ఉంటది" అన్నాడు. అందరివీ అట్ల తీయొచ్చా బిడ్డా అని అడిగాను. "తప్పు జేయనోనికి భయమెందుకు చిన్నమ్మా?" అన్నాడు.

ఆ మాట నేను కూడా మైకు పట్టుకొని చాలా ఊళ్లలో చెప్పినదాన్నే. అందుకే వాడి మీద కోపం రాలేదు, బాధేసింది. చాయ్ పోసి పంపించేశాను. ఎదురుగా కూర్చోబెట్టి చెబితే మధ్యలో ఫోన్ చూసుకుంటాడు కాబట్టి ఇలా రాసి పెడుతున్నాను. వాడి ఈడు పిల్లలు ఇంకెవరైనా ఉంటే వాళ్లూ చదవొచ్చు. ఎవరి పేర్లూ రాయడం లేదు, అడగొద్దు.

నేను మహిళా కానిస్టేబుల్‌గా చేరి ఏఎస్సైగా రిటైర్ అయ్యాను. చివరి ఏళ్లలో ఆర్మూర్ చుట్టుపక్కల ఒక స్టేషన్‌లో పనిచేశాను. ఆడవాళ్లను పిలుచుకు రావాలన్నా, ఓదార్చాలన్నా, గద్దించాలన్నా నేనే. ఎస్సై గారు నాకంటే చాలా చిన్నవాడు. మంచివాడే, కానీ పైనుంచి ఫోన్ వస్తే కూర్చున్నవాడు కూర్చున్నట్టే లేచి నిలబడేవాడు. ఫోన్ల పని చూసే కానిస్టేబుల్ ఇంకా చిన్నవాడు. కంప్యూటర్ ముందు కూర్చుంటే అన్నం సంగతి మరిచిపోయే రకం. మనిషి మెత్తన. దొంగను కూడా "కూసో అన్నా" అనేవాడు. వాడికి ఒక అలవాటు ఉండేది. రెండు చేతులతో టైపు కొట్టాలి కాబట్టి ఏ ఫోన్ చేసినా స్పీకర్‌లో పెట్టి బల్ల మీద ఉంచేవాడు. దాన్ని మేమెవరం తప్పుగా చూడలేదు, వాడి పని వేగంగా అవుతుందని మెచ్చుకున్నాం కూడా.

ఫోన్ రికార్డు అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. అందులో మాటలుండవు. ఎవరు ఎవరికి చేశారు, ఎప్పుడు, ఎంతసేపు, ఏ టవర్ కింద నుంచి, అంతే ఉంటుంది. పెద్ద ఆఫీసర్ సంతకంతో కంపెనీకి లెటర్ పోతే వివరాలు వస్తాయి. మాటలు వినడం లేదు కదా, ఇక ఇబ్బందేముంది అనేవాళ్లు మావాళ్లు. ఒక దొంగ రికార్డు తీయడం వేరు. టవర్ రికార్డు వేరు. ఆ పూట ఆ టవర్ కింద ఎవరెవరు ఫోన్ పట్టుకొని ఉన్నారో వాళ్లందరి నంబర్లూ వచ్చి పడతాయి. బస్సులో పోయేవాళ్లు, చేలో ఉన్నవాళ్లు, ఇంట్లో పడుకున్నవాళ్లు, అందరూ.

ఆ ఏడు పసుపు ధర పడిపోయింది. రైతులు హైవే మీద బైఠాయించారు. లారీలు మైళ్ల కొద్దీ ఆగిపోయాయి. మధ్యాహ్నం ఎక్కడినుంచో ఒక రాయి వచ్చి సర్కారు జీపు అద్దానికి తగిలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ పైనుంచి ఒకటే ప్రశ్న, ఇంతమందిని ఎవరు కూడగట్టారని. "ధరనే కూడగట్టింది సార్" అన్నాను నేను. ఎస్సై గారు నవ్వి, "అట్ల రాసి పంపలేం గదా అమ్మా" అన్నారు. టవర్ రికార్డు తెప్పించారు.

మా కానిస్టేబుల్ రెండు రోజులు కూర్చొని, ఆ పూట అందరికంటే ఎక్కువమందికి ఫోన్లు పోయిన నంబరు ఏదో తేల్చాడు. తెల్లవారుజాము నుంచి వరసబెట్టి రైతులకే పోయాయి. సూత్రధారి దొరికిందని పైకి కబురు కూడా వెళ్లిపోయింది. తీరా ఆ నంబరు పాత నెలల రికార్డు కూడా తెప్పించి, సిమ్ ఎవరి పేరు మీద ఉందని చూస్తే ఒక కూలి గుంపు మేస్త్రమ్మది. పసుపు తవ్వకాల రోజుల్లో మేస్త్రమ్మ రైతులకు కాకపోతే ఇంకెవరికి ఫోన్ చేస్తుంది? ఎవరి చేనుకు ఎంతమంది కావాలో అడిగి, మనుషులను పోగేసి, ట్రాలీ ఆటో మాట్లాడి తోలుకపోవడమే ఆమె పని. ఆ సంగతి నేను చెప్పాను. "నిజమే కావచ్చు, ఒకసారి పిలిచి అడిగితే పోయేదేముంది?" అన్నారు ఎస్సై గారు.

పిలుచుకు రావడానికి నేనే వెళ్లాను. హైవే పక్కనే చేను. రాస్తారోకో రోజు కూడా వాళ్లు అక్కడే పనిలో ఉన్నారట. ట్రాక్టర్ దున్నిన వెనకాల పసుపు ఏరి, మట్టి దులిపి, కొమ్ములు విరిచి కుప్ప పోస్తున్నారు. సంగతి చెప్పగానే మేస్త్రమ్మ బెదిరిపోలేదు. నలభై దాటిన మనిషి, సన్నగా, గట్టిగా ఉంది.

"వస్త మేడం. ఇగ బువ్వ తినే యాళ్లయింది, తినంగనే పోదం. మీరు గూడ కూసోండ్రి. ఉపాసం మనిషిని తోలుకపోతే మీకే పాపం" అంది.

కూర్చున్నాను. ఆ గుంపు తినే పద్ధతి నేను ఎప్పటికీ మరిచిపోను. ఎవరి గిన్నె వాళ్లది కాదు. అన్నీ మధ్యలో పెట్టి, వంకాయ కూర ఎవరిదో, పప్పు ఎవరిదో, పచ్చికారం ఎవరిదో తెలియకుండా ఒకరి గిన్నెలో ఒకరు చేయి పెట్టి తింటున్నారు. ఉల్లిగడ్డ కొరికి సగం పక్కామెకు ఇస్తున్నారు. నా చేతిలో జొన్నరొట్టె పెట్టి దాని మీదే కూర వేశారు. తింటుండగానే మేస్త్రమ్మ ఫోన్ చేతులు మారుతూ పోయింది. ఒకామె తల్లితో మాట్లాడింది, ఒకామె హాస్టల్‌లో ఉన్న బిడ్డతో. ఆ ఫోన్ మేస్త్రమ్మ పేరు మీద ఉందన్నమాటే గానీ గుంపు మొత్తానిది. కొందరికి ఫోన్ లేదు, ఉన్నవాళ్లకు బ్యాలెన్స్ ఉండదు, బ్యాలెన్స్ ఉన్నవాళ్ల ఫోన్లు సాయంత్రం మొగుళ్లు తిరగేస్తారు.

లేచి బయలుదేరబోతే గుంపంతా లేచింది. మీరెందుకమ్మా అంటే, "మా మేస్త్రమ్మను ఒక్కదాన్ని టేషన్‌కు తోల్తమా?" అన్నారు. పని ఆపుకొని, రైతు మొత్తుకుంటున్నా వినకుండా, ట్రాలీ ఆటోలో ఒకరి మీద ఒకరు ఎక్కి వచ్చారు. దారి పొడుగునా మేస్త్రమ్మను ఆటపట్టిస్తూనే ఉన్నారు, జైల్లో కూడా ఖైదీలను పోగేసి గుత్తకు పని పడుతుందని.

కంప్యూటర్ ఉండే గది పైకప్పు కారడంతో బల్లను హాల్లోకి మార్చి పెట్టారు. అందుకే విచారణ హాల్లోనే మొదలైంది. మేస్త్రమ్మను బెంచీ మీద కూర్చోబెట్టాం. మిగతావాళ్లు ఆమె పక్కన, కింద, గడప దగ్గర సర్దుకున్నారు. కానిస్టేబుల్ ఒక్కో నంబరూ చదవడం, ఆమె చెప్పడం.

"గిదెవల్దమ్మా?"

"రైతుది సార్. రేపటికి మనుషులు గావాలన్నడు."

"గిది?"

"ట్రాలీ ఆటో పిలగానిది."

"గిది రోజు పోతున్నది."

"మా ఆడిబిడ్డది. పని లేకున్న జేస్తది."

ఆడవాళ్లు నవ్వారు. కానిస్టేబుల్ కూడా నవ్వాడు. సూత్రధారి కథ అక్కడికే తేలిపోయింది, అందరికీ అర్థమైంది. అప్పుడు వాడు ఇంకొక నంబరు చదివాడు. నెలనెలా ఒకసారి పోతున్న నంబరు.

మేస్త్రమ్మ ముఖంలో నవ్వు ఆగిపోయింది. "తెల్వది సార్" అంది.

అన్నీ చటుక్కున చెప్పిన మనిషి ఇదొక్కటి తెలియదంది. "ఇడ్సిపెట్టురా, ఏ దుకాణమో అయ్యుంటది" అన్నాను. "ఒక్కటే ఉన్నది మేడం, అయిపోతది" అని వాడు అలవాటు ప్రకారం ఆ నంబరు నొక్కి, స్పీకర్‌లో పెట్టి, బల్ల మీద ఉంచాడు. తెలియని నంబరు వస్తే చేసి కనుక్కోవడం మా దగ్గర రోజూ ఉన్న పనే.

"నమస్తే, ఏఆర్‌టీ సెంటర్" అంది అవతల ఆడ గొంతు.

తాను స్టేషన్ నుంచి మాట్లాడుతున్నానని, ఫలానా నంబరు నుంచి మీకు ఫోన్ చేసేది ఎవరని వాడు అడిగాడు. ఆమె, "సారీ సార్. మా దగ్గరకొచ్చేటోళ్ల సంగతి ఎవ్వరికీ చెప్పం. చట్టం ఒప్పుకోదు" అని పెట్టేసింది. ఆ అమ్మాయి ఎవరో నేను ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు ఉద్యోగం సరిగ్గా చేసింది మొత్తం మీద ఆమె ఒక్కతే.

అక్కడితో అయిపోవలసింది. ఆ మూడక్షరాలు హాల్లో సగం మందికి అర్థం కూడా కాలేదు. కానీ మావాడికి ఎక్కడో విన్నట్టు అనిపించింది. నుదురు చిట్లించి, గుర్తుకు రాగానే పొడుపుకథ విప్పినవాడిలా పైకే అనేశాడు. "ఏఆర్‌టీ అంటే గా ఎయిడ్స్ గోలీలు ఇచ్చే కాడ గదా."

వాడి గొంతులో చెడు ఏమీ లేదు. తెలిసింది కాబట్టి అన్నాడు, అంతే. బెంచీ మీద మేస్త్రమ్మకు ఆనుకొని కూర్చున్నామె కొంగు దగ్గరకు లాక్కొని కాస్త జరిగింది. తర్వాత ఇంకొకామె. మావాడు అందరి ముఖాలూ చూసి తెల్లబోయి, ఎప్పుడో కట్ అయిన ఫోన్‌కు స్పీకర్ ఆపడానికి తడుముకున్నాడు.

ఎస్సై గారు బయటికి వచ్చి ఏమైందన్నారు. మేస్త్రమ్మ లేచి నిలబడింది. ఒకసారి తన గుంపు వైపు చూసి, "గా నంబరు నాదే సార్. గోలీల కోసం నేనే జేస్త" అంది. ఎస్సై గారు తల దించుకొని, "కేసుకు దీనికి సంబంధం లేదమ్మా, పో" అన్నారు. ఫోన్ మాత్రం నాలుగు రోజులు ఉంచుకోవాలన్నారు. నేను గేటు దాకా వెళ్లాను. వచ్చేటప్పుడు ఊపిరాడకుండా ఇరుక్కొని వచ్చిన ఆటోలో మేస్త్రమ్మకు అటొక మనిషి, ఇటొక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నారు.

ఫోన్ తిరిగి ఇవ్వడానికి వాళ్ల ఊరు వెళ్లాను. మంచి తవ్వకాల రోజుల్లో మేస్త్రమ్మ ఇంట్లో ఉంది. గుంపు వేరే మేస్త్రి కిందికి వెళ్లిపోయిందట. ఒకరిద్దరు రైతులు పిలిచినా, ఈమె వస్తే మేము రామని ఆడవాళ్లు అన్నారట. పాము కరిచి ఏనాడో పోయిన మొగుడి మీద కూడా కొత్త కథలు పుట్టాయి.

"నా బువ్వ గిన్నె దిక్కు చూస్తలేరు మేడం. పదేండ్ల సంది తోడుండి తిన్నోళ్లు" అంది. ఏడవలేదు. నేనే కళ్లు తుడుచుకున్నాను.

ధైర్యం చెబుదామని, మందులు మంచిగా వాడితే భయం లేదన్నాను. ఆమె నన్ను వింతగా చూసింది.

"నాకేం రోగం లేదు మేడం. నా ఫోన్ల పదిమంది మాట్లాడుతరు. గా నంబరుకు ఎవ్వలు జేస్తరో నాకెర్కనే. నన్ను అడగకుండ్రి."

అయితే ఇందులో కష్టమేముంది, దవాఖానలో రక్త పరీక్ష చేయించుకొని ఆ కాగితం నలుగురికీ చూపించు, నేనే వెంట వస్తాను అన్నాను. పెద్ద ఉపాయం చెప్పినట్టే ఉంది నా వరస.

"నాది గాదని తేలితే, మరి ఎవ్వల్దని ఎతుకుతరు" అంది మేస్త్రమ్మ. "గుంపుల ఎంతమందిమి? ఒక్క దినం పట్టది. నాదంటే నా ఒక్కదానికే పాయె. నేను మొండిదాన్ని. అది బతకది మేడం."

స్టేషన్‌కు వచ్చి, ఆమె చెప్పిన గుట్టు నాలోనే ఉంచుకొని, ఆమెకు అన్యాయం జరిగిందని మాత్రం ఎస్సై గారికి చెప్పాను. ఆయన నిజంగానే బాధపడ్డారు. బాధపడి ఊరుకుంటే బాగుండేది. గ్రామ పంచాయతీ దగ్గర మైకు పెట్టించి, కలిసి తింటే ఈ రోగం అంటుకోదని, ఎవరినీ వెలివేయొద్దని అరగంట మాట్లాడారు. చెప్పిందంతా నిజమే. కానీ అప్పటిదాకా అనుమానంగా ఉన్నవాళ్లకు కూడా పోలీసులే వచ్చి ఖాయం చేసినట్టయింది. ఊరంతా తల తిప్పి మేస్త్రమ్మ ఇంటి వైపు చూడడం నేను నా కళ్లతో చూశాను.

కానిస్టేబుల్ ఆ తర్వాత స్పీకర్ ఎన్నడూ పెట్టలేదు. ఫోన్‌ను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకొని, మెడ వంకర చేసుకొని టైపు కొట్టేవాడు. ఒకరోజు నా దగ్గరికి వచ్చి, "నేను మెల్లగనే అన్న అనుకున్న మేడం" అన్నాడు. వాడి మీద చేయి వేసి ఊరుకోబెట్టాను. రాయి ఎవరు విసిరారో చివరిదాకా తేలలేదు. టవర్ కింద దొరికిన వేలమంది నంబర్లు ఏమయ్యాయని అడిగితే ఎవరికీ తెలియదు, ఏదో ఒక కంప్యూటర్‌లో ఉండే ఉంటాయన్నారు. ఎవరి గుట్టు వారి హక్కని సుప్రీంకోర్టు తీర్పు ఉందని డ్యూటీ మీటింగ్‌లో చదివి వినిపించారు గానీ, అప్పటికే అందరూ ఇంటికి పోయే తొందరలో ఉన్నారు.

వానలు పడ్డాక మేస్త్రమ్మ నుంచి నాకు ఫోన్ వచ్చింది. మొదటిసారి అక్కా అని పిలిచింది.

"అక్కా, జర దవాఖానకు రావాలె. నన్ను లోపలికి రానిస్తలేరు."

వెళితే వార్డు బయట నిలబడి ఉంది. లోపల మంచం మీద ఉన్నది ఆ గుంపులోని పిల్లే. పాతికేళ్లు ఉంటాయేమో. మొగుడు పోయి, చిన్న బిడ్డతో అన్న ఇంట్లో ఉంటోంది. మొగుడు పోతూ ఇచ్చి పోయిన రోగం అది. ఇంట్లో తెలియకుండా నెలనెలా మేస్త్రమ్మ ఫోన్‌తో సెంటర్‌కు చేసి, గోలీలు ఎప్పుడు ఇస్తారో కనుక్కొని, పక్క ఊరికి కూలికి పోతున్నానని చెప్పి తెచ్చుకునేదట. స్టేషన్‌లో ఆ మాట పడ్డ రోజు నుంచి ఏ ఫోనూ ముట్టలేదు. పోలీసులు వింటున్నారని భయం. సెంటర్ మెట్లెక్కితే ఎవరో చూస్తారని భయం. గోలీలు బందు పెట్టింది. మేస్త్రమ్మ రెండుసార్లు ఇంటికి వెళ్లి చెప్పబోతే, రోగం ఉన్నదానివి మా గడప తొక్కకు అని అన్న తలుపు వేశాడు. తీరా దవాఖానలో చేర్చేసరికి టీబీ ఊపిరితిత్తులను తినేసింది.

నా యూనిఫామ్ చూసి ఆ పిల్ల ఇంటివాళ్లు మేస్త్రమ్మను లోపలికి వదిలారు. ఆ పిల్ల ఆమె చేయి పట్టుకుంది. నన్ను చూసి మాత్రం భయపడి ముఖం తిప్పుకుంది. నా ఉద్యోగంలో నన్ను చూసి భయపడ్డవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ పిల్ల భయం నన్ను ఇప్పటికీ వదల్లేదు. వారం తిరగకముందే చనిపోయింది.

అంత్యక్రియలకు మఫ్టీలో వెళ్లాను. గుంపు ఆడవాళ్లంతా వచ్చారు. మేస్త్రమ్మ దూరంగా, గోడ పక్కన నిలబడింది. రోగం ఏమిటో దవాఖాన నుంచే ఊరికి చేరిపోయింది. నా పక్కనున్న పెద్దామె, దాచుకోవడం అవసరం లేదన్నట్టు గట్టిగానే అంది.

"చూసిన్రా అమ్మా. గా మేస్త్రమ్మ తోని ఒక్క గిన్నెల తిని తిని, పాపం గీ పిల్లకు అంటుకున్నది."

చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. నా ఒళ్లు మండిపోయింది. నోరు తెరిచాను. ఇంకా దాచి ఎవరిని కాపాడాలి, పోయిన మనిషి పోయింది అనుకున్నాను. మేస్త్రమ్మ గబగబా వచ్చి నా చేయి పట్టుకొని పక్కకు లాక్కుపోయింది.

"ఊకో అక్కా. నీ కాళ్లు మొక్కుత, ఊకో" అంది. "నా తోనే అంటుకున్నదనుకోనీ. గట్లనుకుంటనే మంచిది. లేకుంటే అది ఎట్ల తెచ్చుకున్నదో, ఎవ్వనితోని తిరిగి తెచ్చుకున్నదో అని మాట్లాడుతరు. దాని బిడ్డ గీ ఊర్లెనే పెరగాలె."

ఆ బిడ్డ మేనమామ చంక దిగి, జనం మధ్యలో చెప్పులు లేకుండా తిరుగుతోంది. గుంపులోని ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఎత్తుకుంటున్నారు. బిడ్డ తిరుగుతూ తిరుగుతూ మా వైపు వచ్చి మేస్త్రమ్మ కొంగు పట్టుకుంది. ఆమె వంగి ఎత్తుకోబోయింది. అంతలో పెద్దామె పరుగున వచ్చి, బిడ్డను గుంజుకొని, కొంగు పట్టుకున్న ఆ చిన్న చేతులను చెంబు నీళ్లతో కడిగింది. బిడ్డ చేతులు కడగడం అయ్యేదాకా మేస్త్రమ్మ చూసి, ఇంటికి నడుచుకుంటూ వెళ్లిపోయింది.